పూల్ అంచూ మా బావ అరచెయ్యీ

పూల్ దగ్గర పని అంటే అదేదో చల్లటి ఉద్యోగం అనుకుంటారు జనం. నీళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటానట. వాళ్ళొచ్చి ఒక్క రోజు ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. జాలీలో చిక్కుకున్న జుట్టు ముద్దలు చేత్తో లాగాలి. ఎవడి మడమ నుంచో ఊడొచ్చి నీళ్ళలో తేలే ప్లాస్టరు ముక్కని వలతో పట్టాలి. ముక్కు చీది, అదే చెయ్యి నా ముందు చాపి టవల్ అడిగేవాళ్ళకి నవ్వు మొహంతో టవల్ ఇవ్వాలి. పదకొండేళ్ళ నుంచి ఈ క్లబ్బులో ఇదే నా పని. మనుషులంటే నాకు అసహ్యమని మా అక్క దెప్పుతుంది. అసహ్యం కాక ముద్దొస్తారా?

సరే, నా సంగతి కాదు, మా బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. రాతి మేస్త్రీ. అరచెయ్యి మేస్త్రీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. రాయి చెక్కడం, అంచు గుండ్రంగా తీయడం, నునుపు చేయడం అంతా అయ్యాక కళ్ళు మూసుకుని దాని మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి నడిపిస్తాడు. తర్వాత ఊఁ అంటాడు. ఆ ఊఁ వినపడేదాకా కూలీలు రాయిని కదపరు. ఆయన చెయ్యి పెట్టాక ఇంకెవరూ పెట్టరు. పెడితే ఆయనకి అవమానం. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున అక్క మొహం చూడక ముందే మా మెట్టు అంచు తడిమి, "దీన్నెవడు కట్టాడు, పార పట్టిన చేత్తో కట్టినట్టున్నాడు" అన్నాడు. కట్టింది మా నాన్న. ఆ పెళ్ళి ఎలా కుదిరిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మనిషి మంచివాడే. తాగడు, అరవడు. కానీ తన మాటే మాట. ఎవరేం చెప్పినా గోడకి చెప్పినట్టే.

మా పూల్ చుట్టూ ఇంతకుముందు నున్నటి పలకలు ఉండేవి. అవి వేయించింది మా మేనేజరు. ఆయనకి అన్నీ మెరవాలి. గిన్నె మెరవాలి, నేల మెరవాలి, ఆయన బూట్లు సరేసరి. వెనకాల మేం తళతళ సార్ అని పిలుచుకుంటాం. ఆ పలకల మీద మోకాళ్ళ నొప్పులకి నీళ్ళలో నడవడానికి వచ్చే ఒక పెద్దావిడ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నేనే ఎత్తాను. ఆవిడ మూలిగిన మూలుగు ఇంకా నా చెవిలోనే ఉంది. తళతళ సార్ వచ్చి ముందు చూసింది పలక పగిలిందా లేదా అని. ఛీ.

ఆ తర్వాతే పలకలు పీకించి రాయి వేయిద్దామన్నారు. మా బావ పేరు నేనే చెప్పాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు, నాకెందుకు చెప్పండి? చెప్పాను, అంతే.

బావ వచ్చి పూల్ చుట్టూ ఒకసారి తిరిగి, మేనేజరుకి ఒకే మాట చెప్పాడు. "పైన కాలు జారకూడదు సార్. అంచున ఒళ్ళు గీరుకోకూడదు. రెండూ ఒక్క రాయిలోనే ఉండాలి." అన్నట్టే మొదలుపెట్టాడు. రాయి పైభాగం మంటతో కాల్పించి సన్నటి గరుకు తెప్పించాడు, తడికాలు పట్టు దొరకడానికి. ఎండకి అరికాళ్ళు కాలకుండా లేత రంగు రాయే తెప్పించాడు. నీళ్ళు నిలవకుండా బయటివైపుకి కాస్త వాలు ఇచ్చాడు. నీళ్ళవైపు అంచు మాత్రం అర్ధచంద్రంలా గుండ్రంగా తీసి నునుపు చేశాడు, పిల్లలు దాని మీద చేతులు ఆనించి పైకి ఎగబాకుతారు కాబట్టి. నూట పద్దెనిమిది రాళ్ళు. ప్రతి రాయి మీదా చెయ్యి నడిపించాడు, ప్రతి రాయికీ ఊఁ అన్నాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ, మా బావేనని వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకున్నాను కూడా.

శనివారం పూల్ తెరిచారు. మొదటి గంటలోనే ఒక పిల్లాడు మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. మోచేతి నుంచి మణికట్టుదాకా ఎర్రటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. ఎక్కడో పడ్డాడులే అనుకుని మందు రాశాను. తర్వాత ఒకమ్మాయి, పొట్ట మీద. తర్వాత ఈత నేర్పే మాస్టారు, రొమ్ము మీద. ఆదివారం సాయంత్రానికి ఇరవై ముగ్గురికి మందు రాశాను, దూది అయిపోయింది. నా వేళ్ళకి రక్తం వాసన పట్టుకుని అన్నం తినబుద్ధి కాలేదు.

పూల్ మూసేశాక నేను వెళ్ళి అంచు మీద అరచెయ్యి పెట్టాను. ఏదో కొంచెం గరగరలాడింది, అంతే. ముంజేతి లోపలివైపు, తెల్లగా ఉండే చోట పెట్టి లాగాను. సన్నటి పళ్ళు తగిలాయి. తడిసి మెత్తబడ్డ చర్మం దాని మీద బరువేసి ఎగబాకితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

సోమవారం పూల్‌కి సెలవు. నాకూ సెలవే. అయినా తళతళ సార్ పిలిపించాడు.

"ఏమ్మా, మీ బావగారి చెయ్యి ఏమంటోంది?"

"నేను మాట్లాడతాను సార్."

"నేను ఫోన్ చేశాను. రాయి వెన్నలా ఉందన్నాడు. జనం తోలు ఊడుతోందంటున్నారు. ఎవరో ఒకరిది తప్పు కావాలి కదా. అందుకే నేనొకటి అనుకున్నాను. మొత్తం రాయి మీద మందంగా వార్నిష్ కొట్టించేస్తాను. గీరుకోదు. పైగా మెరుస్తుంది."

"పైన కూడానా సార్? తడికి జారుతుంది. ఆ పెద్దావిడ..."

"పెద్దావిడని నేను మర్చిపోలేదమ్మా. జాగ్రత్తగా నడవమని బోర్డు పెడదాం. లేదూ, తప్పు మేస్త్రీదే అయితే అతన్నొచ్చి నా ముందు ఒప్పుకుని, సరిచేసి ఇవ్వమను. రాయి బాగానే ఉందని అతనే అంటుంటే నేను పని ఎలా ఆపను? వార్నిష్ వాళ్ళు రేపు ఎనిమిదింటికి వస్తారు."

బోర్డు పెడతాడట. తుంటి విరిగాక పైకి చూసి చదువుకోవాలేమో. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను.

బావ వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏంటి మరదలా, సెలవు రోజున కూడా మొహం మాడ్చుకుని వచ్చావ్" అన్నాడు.

"మాడిందా? ఇరవైముగ్గురి తోలు ఊడింది బావా. నీ రాయికి."

"రాయికి ఏమీ లేదు. నేను చెయ్యి పెట్టి చూసిందే. ఇప్పటి పిల్లల తోలు మెత్తన."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. రొమ్ము చీరుకుపోయిన ఈత మాస్టారు పిల్లాడా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పక్కనే పనిసంచీ ఉంది. తీసి బోర్లించాను. అంచు రుద్దే పాలిష్ రాళ్ళు మూడు కింద పడ్డాయి. గరుకుది, నడిమిది, నున్నది. ఒకదాని తర్వాత ఒకటి వాడాలని నాకు ఆయనే ఎప్పుడో చెప్పాడు. గరుకురాయి అరిగి సగమైంది. నడిమిది సబ్బుబిళ్ళంత మిగిలింది. మూడోది కొత్తది కొన్నట్టే ఉంది. దాని మీద షాపువాడి చీటీ కూడా ఊడలేదు.

"ఇదెందుకు అరగలేదు?"

"పని తెలిసినవాడికి రెండో రాయితోనే నునుపు వచ్చేస్తుంది. చెయ్యి చాలని చెప్పాక ఇంకా రుద్దడం దండగ."

అప్పుడే లోపల పాలు పొంగాయి. అక్క చేతిలో పిండి ఉంది. బావ లేచి పొయ్యి మీది గిన్నెని వట్టి చేతుల్తో అంచులు పట్టుకుని దించి, తెచ్చి మా మధ్య పెట్టాడు. తొందరేం లేకుండా, నింపాదిగా. నేను వేలు తగిలించి చటుక్కున తీసేశాను.

"ఆయనకి పట్టుకారు ఎందుకే" అంది అక్క, గొప్పగా. "ఈ రెండు మూడేళ్ళ నుంచి అసలు ముట్టుకోరు."

నా వేలు ఇంకా మండుతూనే ఉంది. "చెయ్యి ఇటు పెట్టు బావా" అన్నాను. ఏం చేస్తుందోలే అన్నట్టు చెయ్యి నా ఒళ్ళో పడేసి, కిటికీ బయటికి చూస్తూ మా మేనేజరుని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ అరచెయ్యిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చర్మం పసుపుపచ్చగా, దళసరిగా, పగుళ్ళలో రాతిపొడి గట్టిపడి ఉంది. చూస్తేనే వాంతి వచ్చేట్టుంది. నా సంచీలోంచి పిన్నీసు తీసి చూపుడువేలి కింద గుచ్చాను. ఆయన తిట్టడం ఆపలేదు. ఇంకాస్త నొక్కాను. పిన్నీసు దానంతటది నిలబడింది.

"ఎంతసేపు చూస్తావే, జాతకం చెప్తావా ఏంటి?"

"ఇటు చూడు బావా."

చూశాడు. నెమ్మదిగా పిన్నీసు తీసి నాకిచ్చి, "దుమ్ము పేరుకుంది. కడిగితే పోతుంది" అన్నాడు. వెళ్ళి సబ్బుతో కడిగాడు. మళ్ళీ కడిగాడు. మూడోసారి కడుగుతుంటే అక్క వంటింట్లోంచి రాకుండా అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు ఆయనే చొక్కా వేసుకుని, "పద, చూద్దాం" అన్నాడు.

పూల్ దగ్గర ఎవరూ లేరు. తాళం నేనే తీశాను. ఇన్నేళ్ళుగా ఎన్నో పూల్‌ల అంచులు కట్టిన మనిషి, ఒక్కసారి కూడా నీళ్ళలోకి దిగలేదని అప్పుడే తెలిసింది నాకు. ఈత రాదు. ఎప్పుడూ పైనుంచే, పొడిరాయి మీద, పొడిచేత్తో చూడడమే. చొక్కా విప్పి, నిక్కరుతో లోతు తక్కువ ఉన్నవైపు నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ మధ్యలో ఆగిపోయాడు. "నిండా మునిగినవాడికి చలేంటి బావా, దిగు" అన్నాను. కాసేపు రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి, పిల్లలు చేసినట్టే రెండు చేతులూ అంచు మీద ఆనించి, బరువంతా వేసి ఎగబాకాడు. మొదటిసారి జారిపోయాడు. రెండోసారి పైకొచ్చి బోర్లా పడ్డాడు.

లేచి కూర్చున్నాక రెండు ముంజేతుల లోపలివైపూ, రొమ్ము మీదా గీతలు కనిపించాయి. రక్తపు చుక్కలు తడిలో పాకుతున్నాయి. అరచేతులకి మాత్రం ఏమీ కాలేదు.

"మండుతోంది" అన్నాడు.

నేను మందుల పెట్టె తెచ్చాను. ఇరవైనాలుగో మనిషి.

ఆ సాయంత్రం అక్క నన్ను పక్కకి పిలిచి, "నోరు మూసుకుని ఊరుకోవే. వార్నిష్ కొట్టుకోనీ. ఎవరికీ తెలీదు. ఈ చెయ్యి మొద్దుబారిందని బయటికి పొక్కితే ఇంకెవరు పిలుస్తారు ఈయన్ని?" అంది. సొంత అక్క. ఆ పెద్దావిడ తుంటి సంగతి నేను చెప్పగా విని కళ్ళు తుడుచుకున్న మనిషి. "ఇంకో తుంటి విరిగినా ఫరవాలేదన్నమాట" అన్నాను. "నా ఇల్లు గడవాలి కదే" అంది. అసహ్యం వేసింది. ఇంకా అసహ్యమేమిటంటే, ఒక్క నిమిషం నేనూ సరే అందామనుకున్నాను. బావ వింటూనే ఉన్నాడు. ఆయన ఏం చేస్తాడో మా ఇద్దరికీ తెలీలేదు.

మంగళవారం ఎనిమిదింటికి వార్నిష్ డబ్బాలతో నలుగురు దిగారు. తళతళ సార్ బూట్లు మెరిపించుకుని మరీ వచ్చాడు. వాళ్ళు మూత తీయబోతుంటే బావ గేటు దాటి లోపలికి వచ్చాడు. పొడుగుచేతుల చొక్కా వేసుకున్నాడు, గీతలు కనపడకుండా.

"ఆగండి" అన్నాడు. "సార్, తప్పు నాదే."

"ఏమైంది మేస్త్రీ? నిన్నటిదాకా వెన్న అన్నావ్?"

బావ కిందికి చూసి, తర్వాత తలెత్తి చెప్పాడు. "నా చెయ్యి మొద్దుబారిపోయింది సార్. అంచు ఇంకా గరుకుగా ఉందని నాకు తెలీలేదు. వార్నిష్ కొడితే తడికాళ్ళు జారతాయి, మనుషులు పడతారు. నాకు మూడు రోజులివ్వండి. అన్నీ మళ్ళీ రుద్దుతాను."

వార్నిష్‌వాళ్ళలో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వాడు. తళతళ సార్ కూడా నవ్వాడు. "అరచెయ్యి మేస్త్రీకి అరచెయ్యి లేదా? ఎంతమందికి చెప్పాలో ఈ మాట. మరి ఈసారి మాత్రం బాగుందని ఎవరు చెప్తారు, నువ్వేనా?"

"ఈవిడ చెప్తుంది." నన్ను చూపించాడు. "ఈవిడ సరే అంటేనే లేస్తాను."

ఇవ్వక చస్తాడా? ఒప్పుకుని సరిచేయమని సార్ నిన్న అన్నమాటే కదా అది. డబ్బాలు వెనక్కి వెళ్ళాయి. సార్ వెళ్తూ వెళ్తూనే ఫోన్ తీసి ఎవరితోనో, "ఓ తమాషా విను" అని మొదలుపెట్టాడు. ఆ నోట్లో ఇంత వార్నిష్ పోయాలనిపించింది.

మూడు రోజులు బావ మోకాళ్ళ మీదే ఉన్నాడు. నీళ్ళు పోయడం, మూడో రాయితో రుద్దడం, తెల్లటి మడ్డి కడగడం, మళ్ళీ రుద్దడం. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలీదు. ఒక్కో రాయికీ నన్ను పిలవాల్సిందే. ముందు తడి బనీను ముక్క అంచు మీద లాగేదాన్ని, పోగు పట్టుకుంటే ఇంకా రుద్దాలని అర్థం. పట్టుకోకపోతే ముంజెయ్యి పెట్టేదాన్ని. "ఇంకా" అంటే మారుమాట లేకుండా మళ్ళీ వంగేవాడు. ఎవరి మాటా వినని మనిషి, మూడు రోజులు నా నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. అది చూడ్డం కంటే జాలీలో జుట్టు తీసుకోవడం నయం. ఒకసారి విసుగొచ్చి, బాగానే ఉందిలే అనేశాను. "నిజం చెప్పు" అన్నాడు. మళ్ళీ చెయ్యి పెట్టాను. బాగాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

గురువారం సాయంత్రం నూట పద్దెనిమిదో రాయి అయింది. మధ్యాహ్నం నుంచే నా ముంజెయ్యి కందిపోయి ఉంది, అయినా అంచు మీద అది ఎక్కడా ఆగలేదు. బాగుందని చెప్పాను. ఈసారి నిజంగానే బాగుంది. తళతళ సార్ పైనుంచి ఓసారి చూసి, మెరవడం లేదని గొణిగి, రేపు తెరవమని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను బకెట్లు కడిగి బోర్లించాను. బావ లేవలేదు.

"పద బావా, అక్క ఎదురుచూస్తుంటుంది. అయిపోయిందిగా."

"ఎప్పట్నించి పోయిందో తెలీదుగా" అన్నాడు.

"ఏంటి?"

"చెయ్యి. ఈ పూల్ కడుతున్నప్పుడే పోయిందని ఏముంది? ముందువి కూడా దీంతోనే చూశాను కదా. రెండు మూడేళ్ళని మీ అక్క అంది. ఈ మూడేళ్ళలో నాలుగు కట్టాను. హోటల్లో ఒకటి, బళ్ళో ఒకటి, అపార్టుమెంట్లో ఒకటి. ఇంకోటి ఆస్పత్రిది."

"ఆస్పత్రిలో పూల్ ఏంటి?"

"కాళ్ళు పడిపోయినవాళ్ళని నీళ్ళలో నడిపిస్తారు. వీల్‌చైర్‌లో తెచ్చి అంచు మీద కూర్చోబెట్టి దింపుతారు. అయ్యాక చంకల కింద చేతులేసి, అంచు మీంచి పైకి లాగుతారు."

"అక్కడ్నించి ఒక్కళ్ళూ ఏమీ అనలేదు కదా బావా. ఏదన్నా ఉంటే ఈపాటికి చెప్పేవాళ్ళే" అన్నాను.

"గీరుకున్నా కాళ్ళకి తెలీనివాళ్ళు ఎలా చెప్తారే?"

మూడు పాలిష్ రాళ్ళూ తుడిచి ఒక్కొక్కటే సంచీలో పెట్టుకున్నాడు. తర్వాత నావైపు చూడకుండా అడిగాడు.

"సోమవారం నీకు సెలవేగా?"

"సెలవే" అన్నాను.